ఓడినవాళ్లకూ కుర్చీ వేసిన పుస్తకం

ముందుమాట కోసం పెద్దవాళ్ల దగ్గరికి రావడమంటే అక్షింతలు వేయించుకోవడానికి రావడమే. పుస్తకం ఎలా ఉన్నా నాలుగు గింజలు తలమీద చల్లి, "మరిన్ని గ్రంథాలు రాయుగాక" అని పంపేయడం మా తరానికి బాగా అలవాటైన పని. ఈ పుస్తకం విషయంలో ఆ పని చేయబుద్ధి కాలేదు. రాజ్యాంగ సభ చర్చల్లోంచి ఏరి తెలుగు చేసిన ఈ కాగితాల కట్ట నా చేతికిచ్చి, "మాస్టారూ, మెచ్చుకోకపోయినా ఫర్వాలేదు, చదవకుండా మాత్రం రాయకండి" అంది సంకలనకర్త. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న మనిషి. ఒకప్పుడు నేను రాజనీతి శాస్త్రం చెబుతుంటే వెనక బెంచీలోంచి అడ్డు ప్రశ్నలు వేసిన మనిషి. అలాంటి షరతు పెట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి. చదివాను. మెచ్చుకోవడానికి చాలా ఉంది, పోట్లాడటానికీ కొంత ఉంది.

మన దగ్గర దేశనాయకుల మాటలతో వచ్చే పుస్తకాలకు కొదవ లేదు. నెహ్రూ సూక్తులు, పటేల్ సూక్తులు, అంబేడ్కర్ సూక్తులు. ఒక పేజీకి ఒక వాక్యం, కింద సంతకం, పైన ఫొటో. ఏటా నవంబరు 26న కాలేజీల్లో ఫ్లెక్సీల మీద తిరిగి తిరిగి కనిపించేవి అవే మూడు నాలుగు వాక్యాలు. వాటిలో తప్పేమీ లేదు. కానీ ఆ వాక్యాలు గాల్లోకి అన్నవి కావు. ఎదురుగా లేచి నిలబడి, "అధ్యక్షా, దీనికి నేను ఒప్పుకోను" అన్న ఒక మనిషికి జవాబుగా అన్నవి. ఆ ఎదుటి మనిషిని తీసేసి జవాబును మాత్రం ఫ్రేము కట్టి గోడకు తగిలించాం. ఈ పుస్తకం చేసిన మంచి పని, ఆ మనిషిని మళ్లీ పిలిచి కూర్చోబెట్టడం. ప్రతి అధ్యాయంలో ముందు ప్రతిపాదన, తర్వాత దానిమీద అభ్యంతరం, ఆ తర్వాత సమాధానం, చివర ఓటింగు. ఆపైన, ఆ నిర్ణయం తర్వాతి కాలంలో ఏమైందో ఒకటి రెండు పేజీలు. స్వేచ్ఛ గురించీ ప్రభుత్వం గురించీ దేశ సమైక్యత గురించీ ఆనాటి పెద్దలకు ఎంత తెలుసో తేల్చుకోవాలంటే గెలిచిన తీర్మానాలు చదివితే చాలదు. ఓడిపోయిన సవరణలు కూడా చదవాలి. నేను ఏళ్ల తరబడి క్లాసులో నోటితో చెప్పిన ఈ మాటను ఈ అమ్మాయి పుస్తకం చేసి చూపించింది.

సభ 1946 డిసెంబరు 9న మొదలైంది. 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. ముసాయిదాకు వచ్చిన సవరణలు 7,635. వాటిలో సభ ముందుకు నిజంగా వచ్చినవి 2,473. చాలామటుకు వీగిపోయాయి, లేదా ప్రతిపాదించినవాళ్లే వెనక్కి తీసుకున్నారు. చర్చల నివేదికలు పన్నెండు సంపుటాలు. అవి ఇంగ్లీషులో ఏ లైబ్రరీలోనో బీరువా పైఅరలో ఉంటాయి, దుమ్ము దులిపేవాళ్లు తక్కువ.

పుస్తకానికి మొదటి అధ్యాయంగా పెట్టింది చివరి రోజుల ప్రసంగాన్ని. ఇది తెలివైన నిర్ణయం. 1949 నవంబరు 25న అంబేడ్కర్ చేసిన ప్రసంగంలోంచి మనం పదే పదే అచ్చువేసుకునేవి రెండే: వ్యక్తిపూజ గురించిన హెచ్చరిక, రాజకీయ సమానత్వానికీ సామాజిక అసమానతకీ మధ్య ఉన్న వైరుధ్యం గురించిన హెచ్చరిక. ఆ ప్రసంగంలోనే అంతకుముందు మరో భాగం ఉంది. దాన్ని ఎవరూ అచ్చువేయరు. సభలో తనను అడుగడుగునా అడ్డుకున్నవాళ్లను ఆయన పేరుపేరునా తలచుకున్నారు. కామత్, పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్, సిధ్వా, శిబ్బన్ లాల్ సక్సేనా, ఠాకుర్ దాస్ భార్గవ, కె.టి. షా, హృదయనాథ్ కుంజ్రూ. వీళ్లు భావజాలపరంగా తిరుగుబాటుదారులని, అందరూ పార్టీ క్రమశిక్షణకు తలొగ్గి కూర్చుని ఉంటే ఈ సభ చప్పగా తయారయ్యేదని ఆయన ఉద్దేశం. వీళ్ల సవరణలను తాను ఒప్పుకోలేకపోయినంత మాత్రాన వీళ్లు సభకు చేసిన సేవ తగ్గదని కూడా అన్నారు. తన ముసాయిదా మీద వేల సవరణలు తెచ్చి, కొన్నిసార్లు విసిగించి, కొన్నిసార్లు ఎగతాళి చేసినవాళ్ల గురించి ఆ మనిషి ఇలా మాట్లాడారు. ముసాయిదా సంఘంలో ఏడుగురుంటే ఒకరు రాజీనామా చేశారనీ, ఒకరు చనిపోయారనీ, ఒకరు అమెరికాలో ఉండిపోయారనీ, చివరకు బరువంతా అంబేడ్కర్ మీదే పడిందనీ టి.టి. కృష్ణమాచారి అంతకు ఏడాది ముందే సభలో చెప్పారు. అంత బరువు మోసిన మనిషికి అడ్డుపడినవాళ్ల మీద కోపం ఉండటమే సహజం. ఆ కోపం ఆ ప్రసంగంలో కనపడదు.

స్వేచ్ఛ గురించిన భాగమే ఈ పుస్తకానికి వెన్నెముక. అందులోనూ 21వ అధికరణం కథ దగ్గర నేను చాలాసేపు ఆగాను.

ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకీ సంబంధించిన ఆ అధికరణాన్ని మొదట అమెరికా పద్ధతిలో రాసుకున్నారు. అక్కడ ఒక మనిషిని జైల్లో పెట్టాలంటే చట్టం ఉంటే చాలదు. ఆ చట్టం న్యాయంగా ఉందా లేదా అని కూడా కోర్టు చూస్తుంది. దీన్నే వాళ్లు డ్యూ ప్రాసెస్ అంటారు. 1947 చివర్లో సభ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లినప్పుడు అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. అది కోర్టుల మీద పెద్ద భారం, ప్రజలు ఎన్నుకున్న శాసనసభల చేతులు కట్టేస్తుంది అని ఆయన సలహా. మన నెల్లూరు జిల్లాలో పుట్టి, మద్రాసుకు పదిహేనేళ్లు అడ్వొకేట్ జనరల్‌గా పనిచేసిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా ఆ వైపే మొగ్గారు. ఆయన భయానికి ఆధారం ఉంది. కార్మికుల పనిగంటల చట్టాలను అమెరికా కోర్టులు ఇదే సాకుతో కొట్టేసిన చరిత్ర ఆయనకు కంఠతా వచ్చు. రేపు మనం జమీందారీ రద్దు చేస్తే మన కోర్టులూ అదే పని చేస్తే? అందుకని, చట్టం ఏ పద్ధతి చెబితే ఆ పద్ధతి ప్రకారం అరెస్టు చేస్తే చాలు అని ముసాయిదా మార్చారు.

1948 డిసెంబరులో అది సభ ముందుకొచ్చింది. కాజీ సయ్యద్ కరీముద్దీన్ పాత పద్ధతే కావాలని సవరణ పెట్టారు. ఠాకుర్ దాస్ భార్గవ, మున్షీ గట్టిగా సమర్థించారు. మున్షీ ముసాయిదా సంఘంలోనే సభ్యుడని గుర్తుపెట్టుకోవాలి. సంఘంలో ఇద్దరు దిగ్గజాలు చెరో పక్షం. అంబేడ్కర్ లేచి మాట్లాడిన తీరు చదివితే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఒకవైపు పార్టీ సభ్యులతో నిండిన శాసనసభ ఏ చట్టమైనా చేసేయగలదు. మరోవైపు ఐదారుగురు న్యాయమూర్తులు తమ ఇష్టాయిష్టాల ప్రకారం మంచి చట్టాన్నీ కొట్టేయగలరు. రెండింటిలోనూ ప్రమాదం ఉందని ఒప్పుకుని, తీర్మానం సభకే వదిలేశారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అని తెలిసి, తెలిసిన సంగతిని దాచకుండా చెప్పిన మంత్రి ఆయన. బిల్లులు ప్రవేశపెట్టే ఏ మంత్రి నోటా ఇవాళ ఈ మాట వినపడదు.

కరీముద్దీన్ ఓడిపోయారు. ఆ తర్వాత ఏమైందో సంకలనకర్త బిగువుగా రాసింది, లాయరు కదా. 1950 ఫిబ్రవరిలో ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. మద్రాసు జైల్లో ఉన్న ఎ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. చట్టం ఉంది, పద్ధతి పాటించారు, అంతకుమించి మేం అడగం అంది కోర్టు. ఫజల్ అలీ ఒక్కరే 21వ అధికరణాన్ని అంత ఇరుకుగా చదవకూడదన్నారు. తర్వాత ఇరవై ఎనిమిదేళ్లకి, 1978 జనవరిలో, మేనకా గాంధీ కేసులో అదే కోర్టు మాట మార్చింది. పద్ధతి ఉంటే చాలదు, ఆ పద్ధతి న్యాయంగా, సమంజసంగా ఉండాలంది. అంటే 1948లో సభ కాదన్నదాన్ని కోర్టు దొడ్డిదారిన తెచ్చిపెట్టింది. ఇది మంచికే జరిగిందని నా అభిప్రాయం. అయితే అల్లాడి భయం అర్థంలేనిదని మాత్రం అనను. భూసంస్కరణల చట్టాలు కోర్టుల్లో ఎన్నెన్ని ఏళ్లు నలిగాయో మా తరం కళ్లారా చూసింది.

ఇదే భాగంలో సోమనాథ్ లాహిరి ఉన్నారు. సభలోకి బెంగాల్ నుంచి వచ్చిన ఏకైక కమ్యూనిస్టు. 1947 ఏప్రిల్‌లో ప్రాథమిక హక్కుల నివేదిక వచ్చినప్పుడు, వీటిని పోలీసు కానిస్టేబుల్ కోణంలోంచి రాసినట్టుంది అని మొహం మీదే అనేశారు. హక్కు ఇవ్వడం, వెంటనే కింద "అయితే" అని మొదలుపెట్టి లాగేసుకోవడం ఆయనకు నచ్చలేదు. దేశ విభజన తర్వాత ఆయన సభ్యత్వమే పోయింది. లాహిరి ఆ సభలో చివరిదాకా ఉంటే ముందస్తు నిర్బంధం మీద ఏం మాట్లాడేవారో అనుకోకుండా ఉండలేం. ఎందుకంటే ఆ సభలో సగానికి సగం మంది బ్రిటిషువాళ్ల జైళ్లు చూసి వచ్చినవాళ్లు. విచారణ లేకుండా నెలల తరబడి లోపల ఉన్నవాళ్లు. విచారణ లేని నిర్బంధానికి రాజ్యాంగంలో చోటిచ్చింది వాళ్లే. ఇది వంచన అని కొట్టిపారేస్తే తేలిక. నేను అలా అనను. తెలంగాణలో సాయుధ పోరాటం, పంజాబ్‌లో రక్తపాతం, కశ్మీర్‌లో యుద్ధం, వీటి మధ్య కూర్చుని రాశారు. కానీ అధికారం చేతికొచ్చిన కొద్దికాలానికే జైలు తాళం మీద మనిషి చూపు ఎలా మారిపోతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం లేదు.

కామత్ గురించి రెండు మాటలు. హరి విష్ణు కామత్ ఐసీఎస్ వదిలేసి సుభాష్ చంద్రబోస్ వెంట వెళ్లిన మనిషి. సభలో ఆయన లేచి నిలబడితే మిగతావాళ్లు గడియారం చూసుకునేవాళ్లని రికార్డు చదివితేనే తెలిసిపోతుంది. 1949 ఆగస్టులో ఎమర్జెన్సీ అధికరణాలు వచ్చినప్పుడు ఆయన అడ్డంగా నిలబడ్డారు. ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకు వెళ్లే దారినే రాష్ట్రపతి ఉత్తర్వుతో మూసేయవచ్చనే అధికరణం ఏ ప్రజాస్వామ్య రాజ్యాంగంలోనూ లేదన్నారు. దీనికి దగ్గరగా వచ్చేది ఒక్క జర్మనీ వైమార్ రాజ్యాంగంలోని తలుపేననీ, హిట్లర్ దాంట్లోంచే వచ్చాడనీ గుర్తుచేశారు. ఆ అధికరణం నెగ్గిన రోజును సిగ్గుపడాల్సిన రోజు అన్నంత దూరం వెళ్లారు. అల్లాడి వంటివాళ్లు మాత్రం దేశమంటూ నిలిస్తేనే కదా హక్కులు అనే ధోరణిలో దాన్ని సమర్థించారు.

1975 జూన్ 27న 14, 21, 22 అధికరణాల కింద కోర్టుకు వెళ్లే హక్కును నిలిపేస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆ తలుపు గుండానే. 1976 ఏప్రిల్‌లో జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరు ఒకవైపుగా చీలి, నిర్బంధితుడికి తలుపు తట్టే హక్కు కూడా లేదని తేల్చింది. 1977 ఎన్నికల్లో కామత్ హోషంగాబాద్ నుంచి లోక్‌సభకు వచ్చారు. మరుసటి ఏడాది 44వ సవరణతో 20, 21 అధికరణాలను ఏ ఎమర్జెన్సీలోనూ నిలిపేయడానికి వీల్లేకుండా చేశారు. ఓడిన సవరణ మూడు దశాబ్దాల తర్వాత కొంతైనా గెలవడం, దాన్ని ప్రతిపాదించిన మనిషి అప్పటికి బతికి ఉండి చూడటం మన చరిత్రలో అరుదు.

అదే కామత్ రాజ్యాంగ పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని పట్టుబట్టారని చాలామందికి తెలియదు. 1949 అక్టోబరు 17న అది చర్చకు వచ్చింది. అస్సాం నుంచి వచ్చిన రోహిణీ కుమార్ చౌధురి, దేవుడనే ఎందుకు, దేవి అని కూడా ఉండాలి, మాది కామాఖ్య ఉన్న నేల అన్నారు. దేవుణ్ణి ఓటుకు పెట్టొద్దని పూర్ణిమా బెనర్జీ బతిమాలారు. కామత్ వెనక్కి తగ్గలేదు. ఓటింగులో 41 మంది అవునన్నారు, 68 మంది కాదన్నారు. దేవుణ్ణి నమ్మినవాళ్లే చాలామంది ఆ 68లో ఉన్నారన్నది గమనించాల్సిన సంగతి. ఎవరి నమ్మకాన్నీ మరొకరి మీద రుద్దకూడదనే కుంజ్రూ వాదన వాళ్లకి సబబుగా తోచింది. ఈ చిన్న అధ్యాయాన్ని పిల్లలకు చదివి వినిపించమని టీచర్లకు నా సిఫార్సు. నవ్వుకుంటూ చదువుతారు, చదివాక ఆలోచిస్తారు.

ప్రభుత్వ నిర్మాణం గురించిన భాగం కొంచెం సాగదీసినట్టుంది. రాష్ట్రపతి ఎన్నిక విధానం, ద్రవ్యబిల్లులు, ఇవన్నీ ఉండాల్సినవే, కానీ మామూలు పాఠకుడు అక్కడ పేజీలు తిప్పేస్తాడు. తిప్పొద్దని ఒక్కచోట చెబుతాను: గ్రామ పంచాయతీల చర్చ. 1948 నవంబరు 4న ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేడ్కర్ పల్లెటూళ్ల గురించి చాలా కటువుగా మాట్లాడారు. అజ్ఞానానికీ సంకుచితత్వానికీ కులతత్వానికీ పల్లె నెలవని ఆయన అభిప్రాయం. సభ భగ్గుమంది. ఆ నెల 22న పంచాయతీల మీద సంతానం అనే సభ్యుడి సవరణ వచ్చినప్పుడు మన టంగుటూరి ప్రకాశం మాట్లాడారు. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరేళ్లు, మద్రాసు ప్రధానిగా ఫిర్కా అభివృద్ధి పథకం నడిపి దిగిపోయిన మనిషి. గ్రామాన్ని పునాదిగా పెట్టుకోని రాజ్యాంగం ఎలా నిలబడుతుందన్నది ఆయన బాధ. పంచాయతీలు ఆదేశిక సూత్రాల్లో చేరాయి. అంబేడ్కర్ మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. అవి కాగితం మీంచి నేల మీదికి రావడానికి 73వ సవరణ దాకా, అంటే 1993 దాకా పట్టింది. పల్లె గురించి ఎవరు చెప్పింది నిజం? ఊరి చివర పేటలో పుట్టినవాళ్లను అడిగితే అంబేడ్కర్ మాటే నిజమంటారు. నేను రచ్చబండ పక్క ఇంట్లో పుట్టాను కనుక ప్రకాశం మాట తీపిగా వినపడుతుంది. ఎక్కడ పుట్టామో దాన్నిబట్టి కూడా రాజనీతి అర్థమవుతుందని సంకలనకర్త తన వ్యాఖ్యలో రాసింది. నాకు తగలాలనే రాసిందేమో అని అనుమానం.

అదే భాగంలో దుర్గాబాయి ఉన్నారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సందర్భంగా ఖద్దరు ప్రదర్శనకు టికెట్ లేకుండా వచ్చిన నెహ్రూను గుమ్మంలో ఆపేసిన రాజమండ్రి పిల్ల. పాతికేళ్ల తర్వాత అదే నెహ్రూ కూర్చున్న సభలో, 1949 మేలో, రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు ముప్పై ఐదు కాదు, ముప్పై చాలు అని సవరణ పెట్టారు. వివేకానికీ వయసుకీ లంకె పెట్టొద్దన్నది ఆమె వాదన సారాంశం. సభ ఒప్పుకుంది. ఇవాళ్టికీ ముప్పయ్యే. నా వయసువాళ్లకి ఈ వాదన అంతగా రుచించకపోవచ్చు గానీ, పక్కన అంతమంది తలపండిన పెద్దలు కూర్చుని ఉండగా ముప్పై తొమ్మిదేళ్ల మనిషి లేచి ఆ మాట అనగలిగింది చూడండి.

ఇక దేశ సమైక్యత. తెలుగువాళ్లు ఈ పుస్తకాన్ని ఇక్కడి నుంచి మొదలుపెట్టి చదివినా తప్పు లేదు.

మొదట్లో సభ అనుకున్నది బలహీనమైన కేంద్రం. రక్షణ, విదేశాంగం, రవాణా-సమాచారాలు, అంతే. ముస్లిం లీగును కలుపుకుపోవాలంటే అది తప్పదనుకున్నారు. 1947 జూన్ 3న విభజన ఖాయమయ్యాక లెక్క తిరగబడింది. ఆ నెల దాటగానే కేంద్రాధికారాల సంఘం బలమైన కేంద్రం కావాలని తేల్చేసింది. మన సమాఖ్య ఇంత కేంద్రం వైపు ఒరిగి ఉండటానికి మూలం ఆ వేసవిలో ఉంది. సిద్ధాంతం కంటే భయం పాలే ఎక్కువ. ఆ భయం అకారణమైంది కాదని మళ్లీ చెప్పాలి.

సభలో తెలుగు గొంతులన్నీ మద్రాసు రాష్ట్రం వైపు నుంచి వచ్చినవే: ప్రకాశం, పట్టాభి సీతారామయ్య, రంగా, అనంతశయనం అయ్యంగార్, దుర్గాబాయి, నీలం సంజీవరెడ్డి. హైదరాబాదు సంస్థానం తరఫున ఆ సభలో ఎవరూ కూర్చోలేదు. 1948 సెప్టెంబరు దాకా అది భారతదేశంలో చేరనే లేదు. రాజ్యాంగం ఆమోదం పొందడానికి మూడు రోజుల ముందు, 1949 నవంబరు 23న, దాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా వచ్చింది. అంటే తెలంగాణ ప్రజల భవిష్యత్తును తేల్చిన అధికరణాలన్నీ తెలంగాణవాడు ఒక్కడూ లేని చోట తయారయ్యాయి. ఈ సంగతి పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంది. ఒక్క వాక్యం సరిపోదని సంకలనకర్తతో పోట్లాడాను. నిలబెట్టి చెప్పాల్సిన సంగతి అది.

ఎందుకంటే వెంటనే వచ్చేది మూడో అధికరణం చర్చ. కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేయడానికీ, ఉన్న రాష్ట్రాల హద్దులు మార్చడానికీ పార్లమెంటుకు అధికారమిచ్చే అధికరణం. 1948 నవంబరులో ప్రొఫెసర్ కె.టి. షా ఒక సవరణ పెట్టారు. ఏ రాష్ట్రాన్ని విడగొట్టాలనుకుంటున్నారో ఆ రాష్ట్ర శాసనసభ నుంచే ఆ ప్రతిపాదన రావాలి, పైనుంచి రుద్దకూడదు అని. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! దానికి సంతానం లేచి చెప్పిన సమాధానం చదవండి. ఆయన తమిళుడు. ఉదాహరణగా తీసుకున్నది మనల్ని. ఆంధ్రులు విడిపోవాలనుకుంటారు, మద్రాసు శాసనసభలో తీర్మానం పెడతారు, మెజారిటీ లేక అది వీగిపోతుంది, అంతటితో వాళ్ల దారి మూసుకుపోతుంది, షా సవరణ ఒప్పుకుంటే జరిగేది ఇదే అన్నారు. షా ఓడిపోయారు. శాసనసభ అభిప్రాయం తెలుసుకుంటే చాలు, సమ్మతి అక్కర్లేదని నిలిచింది. 1955లో ఐదో సవరణతో ఆ అభిప్రాయం చెప్పడానికీ గడువు పెట్టారు.

ఆంధ్ర 1953 అక్టోబరు 1న ఏర్పడింది. అది ఈ అధికరణం కంటే ముందు పొట్టి శ్రీరాములు ప్రాణంతో వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. 2014కి వస్తే, జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. సంతానం ఆంధ్రుల కోసం తెరిచి పెట్టిన తలుపు లోంచే తెలంగాణ నడిచి వచ్చింది. విజయవాడలో కూర్చుని ఈ అధ్యాయం చదివితే షా ఎంత దూరం ఆలోచించాడో అనిపిస్తుంది. వరంగల్లులో చదివితే సంతానానికి దండం పెట్టబుద్ధవుతుంది. 1952లో అయితే విజయవాడ కూడా సంతానం పక్షమే. మనిషి అదే, అధికరణం అదే. మెజారిటీలో ఉన్నప్పుడు ఒక వాదన, మైనారిటీలో ఉన్నప్పుడు మరో వాదన. 2019లో జమ్మూ కశ్మీర్‌ను శాసనసభ రద్దయి ఉన్న సమయంలో రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చినప్పుడు, శాసనసభ చెప్పాల్సిన అభిప్రాయాన్ని కూడా పార్లమెంటే చెప్పుకుంది. షా లేచి నిలబడాల్సిన రోజు అది. ఆయన 1953లోనే పోయారు.

ఇక్కడ నన్ను ఆపిన మరో సంగతి, చర్చల ఎత్తు. షా, సంతానం ఒకరి మాట ఒకరు పూర్తిగా విని, ఎదుటివాడి వాదనలో బలమైన చోటే పట్టుకుని జవాబు చెప్పారు. ఇదే అధికరణం కింద వచ్చిన బిల్లు మీద 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. మనవాళ్లే.

సంకలనకర్త ఈ భాగాన్ని 1953 సెప్టెంబరు 2 నాటి రాజ్యసభ చర్చతో ముగించింది. అది రాజ్యాంగ సభ చర్చ కాదు, నియమం ప్రకారం ఇందులో ఉండకూడదు. ఉంచినందుకు సంతోషం. రాజ్యాంగాన్ని తగలబెట్టే మొదటివాణ్ణి నేనే అవుతానని అంబేడ్కర్ అన్నారని ఊరూవాడా చెప్పుకుంటారు. ఎక్కడ, ఏ సందర్భంలో అన్నారో చాలామందికి తెలియదు. అది ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద చర్చ. భాషా రాష్ట్రంలో ఒక పెద్ద కులమో వర్గమో మిగతావాళ్లను తొక్కేయకుండా చూసే బాధ్యత గవర్నర్‌కు ప్రత్యేకంగా ఉండాలని ఆయన వాదన. నువ్వు రాసిందే కదా అని ఎవరో ఎత్తిపొడిస్తే వచ్చిన మాట అది. మన రాష్ట్రం పుట్టిన రోజుల్లో, మన గురించే అన్న మాట. మన రెండు రాష్ట్రాల్లో అధికారం ఏయే ఇళ్ల గడపల మధ్య తిరుగుతూ వచ్చిందో చూసినవాళ్లకి దీనిమీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

పోట్లాటలు ఇంకో రెండున్నాయి. జైపాల్ సింగ్‌కు ఇచ్చిన చోటు చాలదు. 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్, ముండా ఆదివాసి. 1946 డిసెంబరు 19న, నేను జంగ్లీనే అని చెప్పుకుంటూ, ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పక్కర్లేదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోండి అనే ధోరణిలో మాట్లాడారు. ఆ ప్రసంగంలో సగం సంకలనకర్త కోసేసింది. పాడేరులోనో ఉట్నూరులోనో ఈ పుస్తకం చదివే కుర్రవాడికి కావాల్సింది ఆ కోసేసిన సగమే. అసలైన మైనారిటీలు ఎవరంటే ఈ దేశంలోని పేదజనమే అని రంగా అదే నెలలో వాదించారు. ఆ ఇద్దరి ప్రసంగాలూ పక్కపక్కన పెట్టాల్సింది. రెండోది, వ్యాఖ్యల్లో సంకలనకర్త అప్పుడప్పుడూ కోర్టులో తుది వాదన వినిపిస్తున్నట్టు రాస్తుంది. పాఠకుడు జడ్జి కాడు, కాస్త ఊపిరి పీల్చుకోనివ్వాలి. భాష మాత్రం హాయిగా ఉంది. సభ్యులు నిజంగా ఎదురెదురుగా నిలబడి తెలుగులో వాదించుకుంటున్నట్టే ఉంది.

పటేల్ సంస్థానాలను కలిపిన కథ ఇందులో క్లుప్తంగా ముగిసింది. దానిమీద పుస్తకాలు చాలానే ఉన్నాయి కనుక నాకు అభ్యంతరం లేదు.

రెండో సంపుటం తయారవుతోందట. అందులో అధికార భాష మీద చర్చ వస్తుంది. 1949 సెప్టెంబరు 12 నుంచి 14 దాకా నడిచిన ఆ మూడు రోజుల్లో సభ్యులు హిందీ మీద ఎంత కొట్టుకున్నారో అంకెలు ఏ లిపిలో ఉండాలన్నదాని మీద అంతకంటే ఎక్కువ కొట్టుకున్నారు. దక్షిణాది వాళ్లు ఎక్కడ పట్టు విడిచారో, ఎక్కడ బిగించారో అందులో తెలుస్తుంది. పేజీలు పెరుగుతాయని పబ్లిషరు నసుగుతున్నాడని విన్నాను. ఒక్క ప్రసంగం కుదించినా ఆ సంపుటానికి నా ముందుమాట ఉండదని ఈ అమ్మాయికి చెప్పాను. ఆ మాట పబ్లిషరుకు చెబితే, "అయితే ఆ పేజీలు కూడా కలిసొస్తాయండీ" అన్నాడట.